చిన్న మాటల పెద్ద పని
ఇంగ్లీషులో పార్టికల్, ప్రిపోజిషన్ల జోడీ గురించి

సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు, కథో కవితో కాకుండా మీ చదువుకు పనికొచ్చే విషయం ఒకటి రాయాలనుకున్నాను. నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని నేనే. మనలాంటి వాళ్ల ఇళ్లలో ఇంగ్లీషు చెవిన పడదు. అది మనకు పుస్తకంలోంచే వస్తుంది. పుస్తకంలోంచి వచ్చిన ఇంగ్లీషుకు, బయట నలుగురూ మాట్లాడే ఇంగ్లీషుకు మధ్య ఒక గుంట ఉంది. ఆ గుంటలో ఎక్కువమంది పడేది ఏ పెద్ద పదం దగ్గరా కాదు. అప్, అవుట్, అవే, బ్యాక్, విత్, టు, ఆఫ్ లాంటి పిల్ల మాటల దగ్గరే.

'టాలరేట్' అంటే ఏమిటని అడగండి. పదో తరగతి పిల్లలు 'సహించడం' అని టక్కున చెబుతారు. 'పుట్ అప్ విత్' అంటే ఏమిటని అడగండి. పుట్ తెలుసు, పెట్టు. అప్ తెలుసు, పైకి. విత్ తెలుసు, తో. మూడూ తెలిసినవే. కలిపితే 'తో పైకి పెట్టు' అని వస్తుంది. కాని దాని అర్థం కూడా 'సహించడం' అనే!

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై పట్నం వెళ్లిన కుర్రాడితో కౌంటర్ దగ్గర 'వి హావ్ రన్ అవుట్ ఆఫ్ ఫారమ్స్, కమ్ బ్యాక్ ఆన్ మండే' అన్నారనుకోండి. రనౌట్ అంటే వాడికి క్రికెట్ గుర్తొస్తుంది. ఫారాలు అయిపోయాయి, సోమవారం మళ్లీ రా అని వాళ్లు చెప్పిన సంగతి అర్థం కాదు. మళ్లీ అడగడానికి మొహమాటం. గడువు దాటిపోతుంది. వాడికి తెలివి లేక కాదు. ఈ జోడీ ఎలా పనిచేస్తుందో వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

పుస్తకం మాట, నోటి మాట

మన తెలుగులో 'నిరీక్షించు' అనే సంస్కృత పదం ఉంది, 'ఎదురుచూడు' అనే ఇంటి మాట ఉంది. 'సహించు' ఉంది, 'ఓర్చుకో' ఉంది. రాసేటప్పుడు ఒకటి, మాట్లాడేటప్పుడు ఒకటి. ఇంగ్లీషులోనూ అచ్చం ఇంతే. తెలుగుకు సంస్కృతం ఎలాగో ఇంగ్లీషుకు లాటిన్ అలాగ. లాటిన్ నుంచి, ఫ్రెంచి ద్వారా వచ్చిన పెద్ద పదాలు పుస్తకాల్లో, చట్టాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో కనిపిస్తాయి. నోటి మాటలో వాటి చోట చిన్న మాటల గుంపు వస్తుంది.

టాలరేట్ - పుట్ అప్ విత్ - ఓర్చుకోవడం
ఎగ్జాస్ట్ - రన్ అవుట్ ఆఫ్ - అయిపోవడం, నిండుకోవడం
కాంపెన్సేట్ - మేక్ అప్ ఫర్ - లోటు పూడ్చడం
రెస్పెక్ట్ - లుక్ అప్ టు - గౌరవించడం
డిస్పైజ్ - లుక్ డౌన్ ఆన్ - చిన్నచూపు చూడడం
అబాలిష్ - డు అవే విత్ - రద్దు చేయడం, లేకుండా చేయడం

చివరి దాన్ని గమనించండి. మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేశారు. అక్కడ వాడింది 'అబాలిష్' అనే మాట. అది చట్టం భాష, అలాగే ఉండాలి. అదే సంగతి ఇద్దరు స్నేహితులు టీ తాగుతూ మాట్లాడుకుంటే 'డు అవే విత్' అనే అవకాశం ఎక్కువ. మనకు మొదటిది పుస్తకం నేర్పింది. రెండోది మనమే నేర్చుకోవాలి.

పార్టికల్ ఏది? ప్రిపోజిషన్ ఏది?

ఈ మూడు మాటల గుంపులో మొదటిది క్రియ. రెండోది అడ్వెర్బ్ పార్టికల్. దీన్ని దిక్కు చూపే మాట అనుకోండి: పైకి, కిందికి, బయటికి, దూరంగా, వెనక్కి, ముందుకు. మూడోది ప్రిపోజిషన్. దీని పని తర్వాత వచ్చే నామవాచకాన్ని ముందున్న మాటలకు కట్టడం. మన విభక్తి చేసే పని ఇదే. మనం 'డు, ము, వు, లు' అని వల్లెవేసిన విభక్తుల్లో తో, కొరకు, వలన, కంటె, లోపల ఉన్నాయి కదా. ఆ కోవకు చెందినవే విత్, ఫర్, ఫ్రమ్, దాన్, ఇన్. మన విభక్తి నామవాచకం వెనక వస్తుంది, వాళ్లది ముందు వస్తుంది. తేడా అంతే.

చిక్కు ఎక్కడంటే అప్, డౌన్, ఇన్, ఆన్, ఆఫ్, ఓవర్, త్రూ లాంటివి రెండు వేషాలూ వేస్తాయి. అవే, బ్యాక్, ఫార్వర్డ్ మాత్రం ఎప్పుడూ పార్టికల్సే. ఎట్, ఆఫ్, ఫ్రమ్, విత్, ఫర్ మామూలుగా ప్రిపోజిషన్లే. (ఇక్కడ ఒక జాగ్రత్త. 'యొక్క' అర్థం ఇచ్చే ఆఫ్ ఒకటి, స్విచ్ తీసేసే ఆఫ్ ఇంకొకటి. మొదటిది ఒక ఎఫ్, రెండోది రెండు ఎఫ్‌లు.) ఏది ఏ వేషంలో ఉందో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు చెబుతాను.

ఒకటి. దాని తర్వాత నామవాచకం లేకుండా వాక్యం నిలబడితే అది పార్టికల్. 'హి శాట్ డౌన్.' వాడు కూర్చున్నాడు. వాక్యం పూర్తయింది. ఇక్కడ డౌన్ పార్టికల్. 'హి ర్యాన్ డౌన్ ద హిల్.' గుట్ట దిగుతూ పరుగెత్తాడు. ఇక్కడ డౌన్ గుట్టను పట్టుకుని ఉంది కాబట్టి ప్రిపోజిషన్.

రెండు. 'ఇట్' అనే మాటను ఎక్కడ పెట్టగలమో చూడండి. 'పుట్ ఆన్ ద షర్ట్', చొక్కా వేసుకో. దీన్ని 'పుట్ ఇట్ ఆన్' అనాలి, 'పుట్ ఆన్ ఇట్' అనకూడదు. ఇక్కడ ఆన్ పార్టికల్. 'లుక్ ఎట్ ద షర్ట్' అయితే 'లుక్ ఎట్ ఇట్' అనే అనాలి. ఎట్ ప్రిపోజిషన్ గనక దాని వెంటే 'ఇట్' ఉండాలి.

మూడు. చెవితో వినండి. పార్టికల్‌ను గట్టిగా పలుకుతారు, ప్రిపోజిషన్‌ను నమిలేస్తారు. 'పుట్ అప్ విత్' లో అప్ మీద ఊనిక ఉంటుంది. 'లుక్ ఫార్వర్డ్ టు' లో ఫార్వర్డ్ మీద ఊనిక, టు 'ట' లాగ వినిపించీ వినిపించనట్టు పోతుంది. 'రన్ అవుట్ ఆఫ్' వేగంగా అంటే 'రనౌటవ్' అవుతుంది. మనకు వినపడక అర్థం కాని ఇంగ్లీషులో సగం ఇలా నమిలేసిన ప్రిపోజిషన్లే.

తెలుగులో ఉన్నదే, తిరగేసి ఉంది

ఈ జోడీ ఇంగ్లీషు వాళ్ల వింత అనుకోకండి. మనం పుట్టినప్పటినుంచి వాడుతున్నదే. ఈ వాక్యం చూడండి:

వాడు - బావి - లోంచి - పైకి - వచ్చాడు.

కర్తను అలాగే ఉంచి మిగతా నాలుగింటినీ వెనకనుంచి ముందుకు చదవండి: వాడు, వచ్చాడు, పైకి, లోంచి, బావి. ఇంగ్లీషులో 'హి కేమ్ అప్ అవుట్ ఆఫ్ ద వెల్.' కేమ్ అంటే వచ్చాడు, అప్ అంటే పైకి, అవుట్ ఆఫ్ అంటే లోంచి, వెల్ అంటే బావి. ఒక్క మాట కూడా క్రమం తప్పలేదు. అద్దంలో చూసినట్టు తిరగబడింది, అంతే. మన 'లోంచి' కూడా 'లో', 'నుంచి' అనే రెండు కలిసిన జోడీయే. వాళ్ల 'అవుట్ ఆఫ్' లోనూ రెండున్నాయి.

'ఎదురుచూడు' అనే మాటను విడదీయండి. ఎదురు అంటే ముందువైపు, చూడు అంటే లుక్. 'సెలవుల కోసం ఎదురు చూస్తున్నాను' అనేదాన్ని తిరగేస్తే చూస్తున్నాను, ఎదురు, కోసం, సెలవులు. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్.' ఇష్టంగా ఎదురుచూసే సందర్భానికి ఇది సరిగ్గా సరిపోతుంది. బస్సు కోసం ఊరికే ఎదురుచూస్తుంటే మాత్రం 'వెయిట్ ఫర్' అనాలి.

చోటు చెప్పేటప్పుడు కూడా ఇద్దరం ఒకేలా ఆలోచిస్తాం. ముందు ఉజ్జాయింపుగా ఏ వైపో చెప్పి, తర్వాత కచ్చితంగా ఎక్కడో చెబుతాం. 'పైన మిద్దె మీద' అంటే 'అప్ ఆన్ ద టెర్రస్'. 'కింద చెరువు దగ్గర' అంటే 'డౌన్ బై ద ట్యాంక్'. 'బయట పొలాల్లో' అంటే 'అవుట్ ఇన్ ద ఫీల్డ్స్'. మొదటి మాట వేలితో చూపిస్తుంది, రెండోది చోటుకు తీసుకెళ్తుంది. 'బ్యాక్ టు ద హాస్టల్', 'అవే ఫ్రమ్ హోమ్', 'ఆఫ్ టు వరంగల్' (వరంగల్ బయల్దేరడం) అన్నీ ఇదే అచ్చు.

మరి అర్థం మారిపోయే వాటి సంగతి? అదీ మనకు కొత్త కాదు. 'ఫారాలు అయిపోయాయి' అంటాం. అందులో 'పోయాయి' ఉంది. ఫారాలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు! 'తినేశాడు' అంటాం. అందులో 'వేశాడు' ఉంది. ఏం వేశాడు? ఏమీ వేయలేదు. పని పూర్తయిందని చెప్పడానికి తెలుగు పోవు, వేయు అనే క్రియలను తోక లాగ తగిలిస్తుంది. ఇంగ్లీషు అదే పనికి అప్, అవుట్, అవే లను తగిలిస్తుంది. తినెయ్ - ఈట్ అప్. పారెయ్ - త్రో అవే. వెళ్లిపో - గో అవే. ఇంగ్లీషు వాడు తెలుగు నేర్చుకుంటే మన 'పో' దగ్గర వాడూ ఇలాగే తల పట్టుకుంటాడు.

ప్రిపోజిషన్ మారితే కథే మారుతుంది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. క్రియ, పార్టికల్ అవే ఉంచి మూడో మాటను మార్చితే అర్థం ఎంత దూరం పోతుందో చూడండి.

పుట్ అప్: 'పుట్ అప్ ఎట్ ఎ లాడ్జ్' అంటే లాడ్జిలో దిగడం, మకాం పెట్టడం. 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం. హాస్టల్లో ఉంటూ దోమలకు ఓర్చుకునే మనకు రెండూ అనుభవమే!

కమ్ అప్: బావిలో పడిన బిందె కోసం మునిగినవాడు బిందెతో పైకి వస్తాడు. 'కమ్ అప్ విత్' ను ఈ బొమ్మతో గుర్తు పెట్టుకోండి. ఆలోచనలో మునిగి ఒక ఉపాయంతో పైకి రావడమన్నమాట. 'షి కేమ్ అప్ విత్ ఎ గుడ్ ఐడియా.' అదే 'కమ్ అప్ అగెనెస్ట్' అయితే దారిలో అడ్డంకి ఎదురవడం. 'కమ్ అప్ టు' అంటే దగ్గరికి రావడం. పార్టికల్‌ను మార్చి 'కమ్ డౌన్ విత్' అంటే జబ్బున పడడం. 'హి కేమ్ డౌన్ విత్ ఫీవర్' అంటే జ్వరంతో పడ్డాడు.

గెట్ అవే: 'గెట్ అవే ఫ్రమ్' అంటే ఒకదాని నుంచి తప్పించుకోవడం. 'గెట్ అవే విత్' అంటే తప్పు చేసి కూడా శిక్ష లేకుండా తప్పించుకోవడం. దొంగ సొమ్ముతో సహా పారిపోతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఈ 'విత్' మరిచిపోరు.

క్యాచ్ అప్, కీప్ అప్: వెనకబడినవాడు ముందున్నవాళ్లను అందుకోవడం 'క్యాచ్ అప్ విత్'. అందుకున్నాక వాళ్లతో సమానంగా నడవడం 'కీప్ అప్ విత్'. పోగొట్టుకున్న నిద్రనో, మిగిలిపోయిన చదువునో పూర్తిచేసుకోవడం 'క్యాచ్ అప్ ఆన్'.

స్టాండ్ అప్: 'స్టాండ్ అప్ ఫర్' అంటే ఒకరి పక్షాన నిలబడడం. 'స్టాండ్ అప్ టు' అంటే ఒకరికి ఎదురు నిలబడడం. ఒక్క మాట తేడాతో పక్షమే మారిపోయింది. 'షి స్టుడ్ అప్ ఫర్ హర్ ఫ్రెండ్' అంటే స్నేహితురాలిని వెనకేసుకొచ్చింది. 'షి స్టుడ్ అప్ టు ద బుల్లీ' అంటే వేధించేవాడికి ఎదురు తిరిగింది. పరీక్షలో తారుమారు చేస్తే ఒక మార్కు పోతుంది. జీవితంలో తారుమారు చేస్తే మనం ఎవరి పక్షమో ఎదుటివాడికి తప్పుగా అర్థమవుతుంది.

అప్ టు: ఇది క్రియ లేకుండా కూడా తిరుగుతుంది. 'అప్ టు టెన్ మార్క్స్' అంటే పది మార్కుల వరకు. 'వాట్ ఆర్ యు అప్ టు?' అంటే ఏం చేస్తున్నావు, ఏమిటి నీ ఎత్తు అని. 'ఇట్ ఈజ్ అప్ టు యు' అంటే అది నీ చేతిలో ఉంది, నిర్ణయం నీదే అని.

తరచు దొర్లే పొరపాట్లు

1. కోప్ అప్ విత్: మన దేశంలో చదువుకున్నవాళ్ల నోట కూడా వినిపించే తప్పు. 'కోప్ విత్' మాత్రమే ఒప్పు. కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్, పుట్ అప్ విత్ చూసి దీనికీ ఒక అప్ తగిలించారు. ఇంటర్వ్యూలో 'ఐ కెన్ కోప్ విత్ ప్రెషర్' అనండి చాలు.

2. లుక్ ఫార్వర్డ్ టు హియర్: 'లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు' అని రాయాలి. 'టు' చూడగానే తర్వాత మూల క్రియ రావాలని మనకు అలవాటు. కాని ఇక్కడి 'టు' ప్రిపోజిషన్. దాని తర్వాత నామవాచకమే రావాలి. క్రియ రావాలంటే ఇంగ్ చేర్చుకుని నామవాచకం కావాలి. తెలుగులో కూడా 'విను కోసం' అనం, 'వినడం కోసం' అంటాం కదా. అదే సూత్రం.

3. ఇన్ టు కలిపి రాయడం: పార్టికల్ ఇన్, ప్రిపోజిషన్ టు పక్కపక్కన వస్తే విడిగా రాయాలి. 'హ్యాండ్ ఇట్ ఇన్ టు ద వార్డెన్', వార్డెన్‌కు అప్పగించు. 'హి టర్న్డ్ హిమ్‌సెల్ఫ్ ఇన్ టు ద పోలీస్' అంటే పోలీసులకు లొంగిపోయాడు. దీన్ని కలిపి రాస్తే దొంగ తనను తాను పోలీసుగా మార్చుకున్నాడని అర్థం వస్తుంది!

4. పాస్ అవుట్: మన దేశంలో 'ఐ పాస్డ్ అవుట్' అంటే కోర్సు పూర్తి చేశానని. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, తప్పనక్కర్లేదు. కాని ఇంగ్లండు, అమెరికా వాళ్లు మామూలుగా అర్థం చేసుకునేది స్పృహ తప్పి పడిపోవడమని. విదేశీ కంపెనీ వాళ్లతో మాట్లాడేటప్పుడు 'గ్రాడ్యుయేటెడ్' అనడం క్షేమం.

5. ప్రశ్నలో ప్రిపోజిషన్ మింగేయడం: 'దేని కోసం ఎదురు చూస్తున్నావు?' అన్నప్పుడు మన 'కోసం' ప్రశ్న మాటకు అంటుకుని ముందుకు వస్తుంది. ఇంగ్లీషులో ప్రశ్న మాట ఒక్కటే ముందుకు వెళ్తుంది. 'టు' వెనకే, క్రియ దగ్గరే ఉండిపోతుంది. 'వాట్ ఆర్ యు లుకింగ్ ఫార్వర్డ్ టు?' చివర 'టు' లేకపోతే వాక్యం తప్పు. వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండకూడదని పాత గ్రామరు పుస్తకాల్లో ఒక నియమం ఉండేది. దాన్ని వెక్కిరిస్తూ 'పుట్ అప్ విత్' ను తలకిందులు చేసి చెప్పిన ఒక చమత్కారం లోకంలో ఉంది. చర్చిల్ అన్నాడని చెబుతారు గాని అందుకు గట్టి ఆధారం లేదు. ఎవరన్నా గాని, ఈ మూడు మాటల గుంపును విడదీస్తే భాష కుంటుతుందని అందులోని నీతి.

ఎలా నేర్చుకోవాలి?

మొదటిది, డిక్షనరీ వాడే పద్ధతి. ఏ.ఎస్. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ, ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థుల కోసం ఒక డిక్షనరీ తయారుచేశాడు. అది 1942లో జపాన్‌లో వచ్చింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ప్రచురించారు. ఇప్పుడు మనం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అనేది దాని వారసురాలే. అందులో ఒక క్రియ కింద అన్ని అర్థాలూ అయ్యాక, చివర ఈ గుంపులన్నీ విడిగా ఇస్తారు. మనం మొదటి అర్థం చూసి మూసేస్తాం. చివరిదాకా చదవండి. 'పుట్ అప్ విత్' పక్కన ఎస్‌బి, ఎస్‌టిహెచ్ అని ఉంటుంది. ఎస్‌బి అంటే ఒక మనిషి, ఎస్‌టిహెచ్ అంటే ఒక వస్తువు లేదా విషయం. అవి గుంపు చివర ఉంటే కర్మ అక్కడే రావాలని అర్థం. రెండు వైపులా బాణం గుర్తు ఉంటే అటూ ఇటూ మార్చవచ్చని అర్థం.

రెండోది, నోటుబుక్కు. క్రియల వారీగా కాకుండా ప్రిపోజిషన్ల వారీగా రాసుకోండి. విత్ పేజీలో కీప్ అప్, క్యాచ్ అప్, కమ్ అప్, పుట్ అప్, గెట్ అవే, డు అవే. ఫర్ పేజీలో మేక్ అప్, స్టాండ్ అప్. ఆన్ పేజీలో లుక్ డౌన్, క్యాచ్ అప్. ఒక పేజీలో ఉన్నవి ఒకదాన్నొకటి గుర్తు చేస్తాయి.

మూడోది, ఒక్కో గుంపుకు మీ బతుకులోని ఒక వాక్యం రాయండి. పుస్తకంలోని జాన్, మేరీల వాక్యాలు మరిచిపోతాం. 'మెస్‌లో పెరుగు అయిపోయింది', 'నిన్న మిస్సయిన క్లాసు పాఠం అందుకోవాలి', 'ఆదివారం అమ్మ వస్తుందని ఎదురు చూస్తున్నాను' అనేవి మరిచిపోం. రోజుకు రెండు గుంపులు చాలు. రెండు నెలల్లో నూటఇరవై అవుతాయి. రోజువారీ మాటల్లో తరచు వినిపించేవి చాలావరకు ఆ నూటఇరవైలోనే ఉంటాయి.

నాలుగోది, బిగ్గరగా పలకండి. పార్టికల్‌ను నొక్కి, ప్రిపోజిషన్‌ను తేల్చి. పక్క మంచం వాడు నవ్వితే నవ్వనివ్వండి, వాడినీ కూర్చోబెట్టి పలికించండి. మనం ఎలా పలుకుతామో అలాగే వినగలుగుతాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంగ్లీషు రాకపోవడం అవమానం కాదు. అది ఒక భాష మాత్రమే, తెలివికి కొలబద్ద కాదు. అయినా ఉద్యోగం దగ్గర, కోర్టులో, ఆసుపత్రిలో, పైచదువుల్లో అది ఒక తలుపు. తాళంచెవి లేక ఆ తలుపు బయట నిలబడిన తరాలు మన వెనక ఉన్నాయి. మన అమ్మానాన్నలు కూలికి వెళ్లి మనల్ని ఇక్కడికి పంపింది ఆ తలుపు తీస్తామనే. వాళ్లకు రానిది మనకు వచ్చాక, మనకు వచ్చింది మన వెనకవాళ్లకు చెప్పడం మన బాధ్యత. ఈ పేజీలు చదివాక జూనియర్లు ఇద్దరిని కూర్చోబెట్టి 'లోంచి పైకి వచ్చాడు' వాక్యాన్ని తిరగేసి చూపించండి. చెబితే మీకే ఇంకా బాగా వస్తుంది.